కోట్నిస్ ఊరి నుంచి ఒక దుప్పటి

(డిసెంబర్ 9, డాక్టర్ కోట్నిస్ వర్ధంతి సందర్భంగా షోలాపూర్‌లో జరిగిన నేత కార్మికుల సభలో సంఘం కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది పగటి షిఫ్టు దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా ఇక్కడికి వచ్చారు. రాత్రి షిఫ్టుకు ఎక్కవలసినవాళ్ళు, ఇంటికి పోయి ఇంకా బీడీలు చుట్టి లెక్క అప్పజెప్పవలసిన అక్కలు కూడా ఈ సభలో ఉన్నారు. కనుక చెప్పదలచుకున్నది సూటిగానే చెబుతాం.

ఇవాళ్టి సభ ముందు ఒక తీర్మానం ఉంది. యుద్ధాలలో చిక్కుకొని, నడి చలికాలంలో ఇల్లూ పొయ్యీ లేకుండా పోయిన సామాన్య జనం కోసం మన సంఘంలో ఒక చలికాలపు సహాయ నిధి పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదించింది. పోయిన నెల పేటల వారీగా జరిగిన సమావేశాలలో ఈ మాట ఎత్తగానే, మగ్గం దగ్గర నలభై ఏళ్ళు నిలబడిన మన పెద్దాయన ఒకరు లేచి, "ఎక్కడి మంచు, ఎక్కడి మనుషులు? మన దీపావళి బోనస్ ముచ్చటే తేలలేదు. ముందు మన ఇంట్ల పొయ్యి సంగతి చూడండ్రి" అన్నారు. ఆయన ఇప్పుడు కూడా ముందు వరసలోనే కూర్చున్నారు. ఆయన అన్నది తప్పు కాదు. సంఘం ఉన్నది ముందుగా సభ్యుల కోసమే. అందుకే ఆయన ప్రశ్నకు జవాబు చెప్పకుండా మిమ్మల్ని చేతులెత్తమని అడగం. ఈ ప్రసంగమంతా ఆ ఒక్క ప్రశ్నకు మేము చెప్పుకునే జవాబు.

ఇవాళే ఎందుకు ఈ సభ పెట్టామో మొదట చెబుతాం. ద్వారకానాథ్ కోట్నిస్ 1910 అక్టోబర్ 10న ఈ షోలాపూర్‌లోనే పుట్టారు. బొంబాయిలో వైద్యం చదివారు. 1937లో జపాన్ సైన్యం చైనా మీద పూర్తి స్థాయి దాడికి దిగింది. చైనా సేనాని చూ తే సహాయం కోరుతూ నెహ్రూకు లేఖ రాశారు. 1938లో కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉన్న సుభాష్ చంద్రబోస్ దేశ ప్రజలకు విజ్ఞప్తి చేశారు. ఆ ఏడాది జూలైలో దేశమంతా చైనా కోసం చందాలు పోగుచేశారు. పోగైంది సుమారు 22,000 రూపాయలు. ఆ డబ్బుతో ఒక అంబులెన్సును, ఐదుగురు డాక్టర్లను పంపారు. ఆ ఐదుగురిలో కోట్నిస్ ఒకరు. 1938 సెప్టెంబర్‌లో బొంబాయి రేవులో ఓడ ఎక్కేనాటికి ఆయనకు ఇంకా ఇరవై ఎనిమిది నిండలేదు.

మీరు ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోండి. 1938లో మన దేశానికి స్వాతంత్ర్యం లేదు. తిండికి, బట్టకు మనకే గతి లేని రోజులవి. ఇదే షోలాపూర్‌లో 1930లో తెల్లదొరలు మార్షల్ లా పెట్టి, 1931 జనవరి 12న నలుగురిని ఉరితీసి ఇంకా ఎనిమిదేళ్ళు కూడా కాలేదు. ముందు మన సంగతి చూసుకుందాం అని ఆనాటివాళ్ళు అని ఉంటే తప్పుపట్టేవాళ్ళు ఎవరూ లేరు. అయినా డబ్బాల్లో అణాలు, పైసలు వేశారు.

మిగిలిన నలుగురు డాక్టర్లు తిరిగి వచ్చారు. కోట్నిస్ ఉత్తర చైనా కొండల్లో, మందులు కూడా సరిగా అందని దిగ్బంధంలో పనిచేశారు. 1941లో అక్కడి బెథూన్ అంతర్జాతీయ శాంతి ఆసుపత్రికి డైరెక్టర్ అయ్యారు. 1942 డిసెంబర్ 9న, ముప్పై రెండేళ్ళకే, అక్కడే చనిపోయారు. చైనా జనం ఆయన సమాధి మీద ఈనాటికీ పూలు పెడుతున్నారు. చైనా నుంచి వచ్చే పెద్దలు షోలాపూర్‌లో ఆయన పుట్టిన ఇంటిని వెతుక్కుంటూ వస్తారు. ఆ ఇంటి ముందు నుంచి రోజూ సైకిల్ మీద పోయే మనం మాత్రం ఏడాదికి ఒక్కరోజైనా ఆయనను తలుచుకోవడం మొదలుపెట్టాలి. అందుకే ఇవాళ సభ.

ఇక అసలు విషయానికి వస్తాం.

మనం బట్ట నేసేవాళ్ళం. దుప్పటి ఏం చేస్తుందో మనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. దుప్పటిలో వేడి ఉండదు. వేడి ఒంట్లోది. ఆ వేడి బయటికి పోకుండా నూలు పోగుల మధ్య నిలిచిన గాలి ఆపుతుంది. అందుకే నూగు లేపిన దుప్పటి వెచ్చగా ఉంటుంది, నూగు రాలిపోయిన పాత దుప్పటి చల్లగా ఉంటుంది. మన షోలాపూర్ చద్దరు ఎంత మంచి సరుకైనా అది పత్తి నూలు. తడిసిందంటే పోగుల మధ్య గాలికి బదులు నీళ్ళు నిలుస్తాయి, చద్దరు ఒంటికి అంటుకుని ఉన్న వేడిని కూడా లాగేస్తుంది. మన ఊరి పొడి చలికి అది చాలు. మంచు కురిసే చోట, కిటికీ అద్దాలు పగిలిన ఇంట్లో అది చాలదు.

మనిషి ఒంటి వేడి మామూలుగా ముప్పై ఏడు డిగ్రీలు. ముప్పై ఐదుకు దిగిందంటే ప్రమాదం మొదలైనట్టే. మొదట వణుకు వస్తుంది, తర్వాత మాట తడబడుతుంది, ఆ తర్వాత వణుకు కూడా ఆగిపోతుంది. వణుకు ఆగితే తగ్గిందని సంబరపడతారు. నిజానికి అప్పుడే చావు దగ్గరపడుతుంది. పసిపిల్లలు, ముసలివాళ్ళు ముందుగా పోతారు. కడుపునిండా తిండి లేనివాళ్ళు ఇంకా త్వరగా పోతారు. చలిలో ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి మామూలు కంటే ఎక్కువ తిండి కావాలి. యుద్ధంలో తిండి కూడా దొరకదు. తుపాకీ గుండు తగిలి చచ్చిన మనిషి లెక్కలోకి వస్తాడు. చలికి చచ్చిన ముసలమ్మను జబ్బుతో పోయిందని రాస్తారు. యుద్ధంలో చలి చేసే హత్యలకు సాక్షులు తక్కువ.

దీనికి ఒక ఊరి కథ చెబుతాం. యూరప్‌లో బోస్నియా అనే దేశం ఉంది. దాని రాజధాని సారయేవో. నాలుగు వైపులా కొండలు, నడుమ లోయలో ఊరు. 1984 ఫిబ్రవరిలో అక్కడ శీతాకాలపు ఒలింపిక్స్ జరిగాయి. మంచు మీద ఆటలు చూడటానికి ప్రపంచమంతా ఆ ఊరికి వెళ్ళింది. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి, 1992 ఏప్రిల్‌లో, అదే కొండల మీద ఫిరంగులు వెలిశాయి. బోస్నియా సెర్బు సైన్యం ఊరిని చుట్టుముట్టింది. ఆ ముట్టడి 1996 ఫిబ్రవరి 29 దాకా, అంటే దాదాపు నాలుగేళ్ళు సాగింది. ఊళ్ళో ఉన్నది దాదాపు మూడున్నర లక్షల జనం. మనలాగే షిఫ్టులకు పోయేవాళ్ళు, బడి పంతుళ్ళు, ట్రాము డ్రైవర్లు, పింఛను మీద బతికే ముసలివాళ్ళు.

కరెంటు పోయింది. గ్యాసు పోయింది. కుళాయి నీళ్ళు పోయాయి. ఫిరంగి గుండ్ల అదురుకు కిటికీ అద్దాలన్నీ రాలిపోయాయి. 1992 చివర చలికాలం వచ్చేసరికి ఊరి పార్కుల్లో చెట్లు మాయమయ్యాయి, నరికి పొయ్యిలో పెట్టారు. చెట్లు అయిపోయాక కుర్చీలు, బల్లలు, తలుపులు, పాత చెప్పులు, చివరికి పుస్తకాలు కూడా మండించారు. రేకు డబ్బాలతో సొంతంగా పొయ్యిలు చేసుకున్నారు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ పంచిన ప్లాస్టిక్ పట్టాలే ఊరంతటికీ కిటికీ అద్దాలయ్యాయి. ఊరి చివర, ఇరుపక్షాల కాల్పుల నడుమ, నెజారిచి అనే చోట ఒక వృద్ధాశ్రమం ఉంది. 1993 జనవరిలో అక్కడి ముసలివాళ్ళు పడకల మీదే చలికి చనిపోతున్నారన్న వార్త ప్రపంచ పత్రికలన్నిటిలోనూ వచ్చింది. వాళ్ళను ఎవరూ గురిపెట్టి కాల్చలేదు. పొయ్యి లేకుండా చేశారు, అంతే.

ఆ ఊరికి సాయం పోలేదా అంటే పోయింది. 1992 జూలై 3న విమానాల్లో సరుకు పంపడం మొదలుపెట్టారు. 1996 జనవరి 9 దాకా పంపారు. సుమారు పదమూడు వేల విమానాలు, లక్షా అరవై వేల టన్నుల సరుకు. అంత కాలం సాగిన విమాన సహాయం అంతకు ముందు చరిత్రలో లేదు.

అందులో ఒక విమానం సంగతి మన నేతవాళ్ళు ప్రత్యేకంగా వినాలి. 1992 సెప్టెంబర్ 3న ఇటలీ విమానం ఒకటి సారయేవోకు బయలుదేరింది. ఊరికి ఇంకా కొంత దూరంలో ఉండగా కింది నుంచి క్షిపణితో కూల్చేశారు. లోపలున్న నలుగురు సిబ్బందీ చనిపోయారు. ఆ విమానంలో తుపాకులు లేవు, మందుగుండు లేదు. ఉన్నవి దుప్పట్లు. నాలుగున్నర టన్నుల దుప్పట్లు. ఏ మిల్లులో, ఏ షెడ్డులో, ఎవరి చేతుల మీదుగా తయారైన సరుకో అది! చలికాలం రాకముందే చేరాలని పంపిన దుప్పట్లు కొండల్లో మసైపోయాయి. దాని తర్వాత నెల రోజుల పాటు విమానాలు ఆగిపోయాయి. సెప్టెంబర్‌లో నెల రోజులు పోతే డిసెంబర్‌లో దాని ఖరీదు ఎవరు చెల్లిస్తారో మీరే ఆలోచించండి.

ఇంకో సంగతి చెబుతాం. 1993 ఫిబ్రవరిలో, ఆ చలికాలం ఇంకా నడుస్తుండగానే, సారయేవో అధికారులు ఒక నిర్ణయం ప్రకటించారు. తూర్పు బోస్నియాలో చుట్టుముట్టబడిన చిన్న ఊళ్ళకు లారీలను పోనివ్వడం లేదు, వాళ్ళకు అందేదాకా మాకు వచ్చే సరుకు కూడా మేము పంచం అన్నారు. ఆకలితో, చలితో ఉన్న ఊరు, తన కంటే ఎక్కువ ఆకలితో ఉన్న ఊళ్ళ కోసం సహాయాన్నే నిరాకరించింది. అందరూ దీన్ని మెచ్చుకోలేదు. ఊళ్ళో రొట్టె కోసం చూసే తల్లికి ఇది రాజకీయంగా కనిపించి ఉండవచ్చు. శరణార్థుల సంస్థ అధిపతి సదాకో ఒగాటా ఫిబ్రవరి 17న, అన్ని పక్షాలూ సహాయాన్ని పావుగా వాడుకుంటున్నాయని చెప్పి బోస్నియాలో చాలా చోట్ల పని నిలిపివేశారు. కొద్ది రోజులకే మళ్ళీ మొదలైంది. ఆ నెలాఖరున తూర్పు ఊళ్ళ మీద విమానాల నుంచి సరుకు జారవిడవడం ప్రారంభించారు. సమ్మె చేసినవాళ్ళం గనుక ఈ సంగతిలోని చిక్కు మనకు అర్థమవుతుంది. ఒక్క షెడ్డుకు మాత్రం కూలి పెంచి పక్క షెడ్డును ఎండగట్టాలని యాజమాన్యం చూసినప్పుడు మనం ఏం చేశామో గుర్తుచేసుకోండి.

సాయం అందినంత మాత్రాన సాయపడినట్టు కాదని కూడా ఆ ఊరు మనకు నేర్పింది. ముట్టడి రోజుల్లో వాళ్ళకు పంచిన డబ్బా మాంసాన్ని కుక్కలూ పిల్లులూ కూడా ముట్టేవి కావని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఎప్పటివో పాత నిల్వ బిస్కెట్లు పంచారని కూడా చెబుతారు. యుద్ధం అయిపోయి పదేళ్ళు దాటాక, 2007లో, ఆ మాంసం డబ్బా రూపంలోనే ఊరి నడుమ ఒక పెద్ద స్మారకం నిలబెట్టి, ప్రపంచ దేశాలకు కృతజ్ఞతతో అని దాని కింద రాశారు. అది వెక్కిరింత. దిగ్బంధాన్ని ఆపగల శక్తి ఉన్న ప్రభుత్వాలు దాన్ని ఆపకుండా డబ్బాలు పంపి చేతులు దులుపుకున్నాయని వాళ్ళ కడుపుమంట. 2012 ఏప్రిల్ 6న, ముట్టడి మొదలై ఇరవై ఏళ్ళయిన నాడు, అదే ఊరి పెద్ద వీధిలో 11,541 ఎర్ర కుర్చీలు ఖాళీగా వరసలు వేశారు. చనిపోయిన ఒక్కొక్కరికి ఒక కుర్చీ. పిల్లల కోసం చిన్న కుర్చీలు వేశారు.

ఇప్పుడు ప్రభుత్వాలను వదిలి కార్మికుల సంగతికి వస్తాం. బోస్నియాలోనే టుజ్లా అని ఇంకో ఊరుంది. ఉప్పు, బొగ్గు గనుల ఊరు. అక్కడ సెర్బులు, క్రోట్లు, ముస్లింలు ఒకే గనిలో దిగినవాళ్ళు, ఒకే సంఘంలో ఉన్నవాళ్ళు. యుద్ధంలో కూడా విడిపోమని నిలబడ్డారు. వాళ్ళకూ దారులు మూసుకుపోయాయి. 1993లో బ్రిటన్ కార్మికులు కొందరు వర్కర్స్ ఎయిడ్ ఫర్ బోస్నియా అనే పేరుతో లారీలు కట్టుకొని టుజ్లాకు బయలుదేరారు. ఎందుకు బయలుదేరారు? 1984-85లో బ్రిటన్ బొగ్గుగని కార్మికులు ఏడాది పాటు సమ్మె చేసినప్పుడు, ఎక్కడో ఉన్న ఈ టుజ్లా గని కార్మికులు తమ కూలిలోంచి వాళ్ళకు చందా పంపారు. ఆ రుణం వాళ్ళు మరచిపోలేదు. దారిలో అధికారులు ఆపారు, సైన్యాలు ఆపాయి, వారాల తరబడి సరిహద్దుల్లో పడిగాపులు పడ్డారు. బయలుదేరిన లారీల్లో కొన్ని మాత్రమే గమ్యం చేరాయి. అయినా చేరాయి. తర్వాత ఇంకా లారీలు వెళ్ళాయి.

పెద్దాయనా, మీరు అడిగిన ప్రశ్నకు మా జవాబులో సగం ఇదే. టుజ్లా గని కార్మికుడికి కూడా ఇంట్లో పొయ్యి ఉంది. 1984లో అతను ముందు నా పొయ్యి అనుకొని ఉంటే 1993లో అతని ఊరికి ఆ లారీ వచ్చేది కాదు. మనకు ఈ లెక్క కొత్త కాదు. 1982 జనవరి 18న మొదలైన బొంబాయి మిల్లుల సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు పని మానేశారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళు ఎంతోమంది ఉన్నారు. ఈ సభలోనే ఆ ఇళ్ళవాళ్ళు ఉన్నారు. ఆ నెలల్లో కార్మికులు ప్రాణాలు నిలుపుకొన్నది యాజమాన్యాల దయ మీద కాదు. ఊళ్ళలో చుట్టాలు ఇచ్చిన జొన్నల మీద, తోటి కార్మికులు వేసిన చందాల మీద. దాన్ని మనం ధర్మం అనలేదు, భిక్ష అనలేదు. చేబదులు అన్నాం. చేబదులు ఎప్పుడో ఒకప్పుడు తీర్చాలి, తీసుకున్నవాడికే తీర్చాలని లేదు.

చట్టం సంగతి కూడా రెండు మాటల్లో చెబుతాం. యుద్ధంలో ఏం చేసినా చెల్లుతుందని కొందరు అంటారు. చెల్లదు. 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందంలో 23వ అధికరణం ఉంది. మందులను పోనివ్వాలని, పదిహేనేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణీలకు, బాలింతలకు వెళ్ళే ముఖ్యమైన తిండి, బట్టలు ఆపకూడదని అందులో రాసి ఉంది. తిండి పక్కనే బట్టల మాట ఉంది, గమనించండి. మన దేశం ఆ ఒప్పందాన్ని 1950లో ఆమోదించింది. 1977లో దానికి చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్‌లో, ఆక్రమణలో ఉన్న జనానికి బట్టలు, పక్కబట్టలు, తలదాచుకునే చోటు అందేలా చూడాలని ఇంకా స్పష్టంగా రాశారు. జనాన్ని ఆకలితో మాడ్చడం యుద్ధ పద్ధతిగా వాడకూడదని కూడా రాశారు. ఆ ప్రోటోకాల్‌లో మన దేశం చేరలేదు. చేరమని అడగడం దేశంలోని కార్మిక సంఘాల పని. ఆ డిమాండును కూడా ఇవాళ్టి తీర్మానంలో చేర్చాం. యుద్ధంలో దుప్పటి అందుకోవడం ఒకరి దయ కాదు, హక్కు అని చెప్పడానికే ఇదంతా చెప్పాం.

సారయేవోతో ఇది ఆగిపోలేదు. 2022 అక్టోబర్ 10 నుంచి రష్యా సైన్యం యుక్రెయిన్ విద్యుత్ కేంద్రాల మీద, కరెంటు లైన్ల మీద పెద్ద ఎత్తున క్షిపణులతో దాడులు మొదలుపెట్టింది. చలికాలం ముంగిట కరెంటు తీసేయడం అంటే ఏమిటో సారయేవో చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఆ నవంబర్‌లో అక్కడ ఊరూరా బడుల్లో, ఆఫీసుల్లో, గుడారాల్లో వెచ్చటి గదులు ఏర్పాటు చేశారు. జనం అక్కడికి వచ్చి చలి కాచుకొని, వేడి టీ తాగి, ఫోన్లు చార్జింగ్ చేసుకొని పోయేవారు. 2024 డిసెంబర్ చివర గాజాలో గుడారాల్లో ఉన్న పసికందులు చలికి చనిపోయారని అక్కడి డాక్టర్లు చెప్పారు. గాజాలో మంచు కురవదు. మన షోలాపూర్ కంటే కాస్త ఎక్కువ చలి, అంతే. తడి నేల, తడి గుడారం, తిండి లేని తల్లి, చాలినంత కప్పు లేని బిడ్డ. చావుకు అది చాలింది.

మరి మనం ఏం పంపాలి, ఎలా పంపాలి? ఇక్కడ మన తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున కిల్లారి భూకంపం వచ్చింది. మన పక్క జిల్లాల్లోనే దాదాపు పది వేల మంది చనిపోయారు. ఆ వారంలోనే మన సంఘం పేట పేట తిరిగి బట్టలు పోగుచేసి లారీలో వేసి పంపింది. మనసు మంచిదే. పంపిన సరుకు మంచిది కాదు. చిరిగిన చీరలు, గుండీలు లేని చొక్కాలు, ఎవరికీ పనికిరాని పెళ్ళి కోట్లు, నూగు పోయిన దుప్పట్లు. ఇంట్లో అడ్డంగా ఉన్నవన్నీ మూటకట్టి ఇచ్చాం. అక్కడ లారీ దించేసరికి వాన. రోడ్డు పక్కన మూటలు తడిసి ముద్దయ్యాయి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఒకామె ఆ కుప్పలో కాసేపు వెతికి, ఏమీ తీసుకోకుండా లేచిపోయింది. ఆ లారీ మీద పోయినవాళ్ళలో మన పెద్దాయన ఒకరు. ఈ సంగతి మాకు చెప్పింది ఆయనే. పేట సమావేశం అయిపోయాక మమ్మల్ని పక్కకు పిలిచి, "మనం నేసేది కొత్త బట్ట, ఇచ్చేది పాత గుడ్డ. ఆ తల్లి మొగం నాకింక యాదికుంది" అన్నారు. అప్పుడు మాకు తెలిసింది, ఆయన ఎందుకు వద్దన్నారో. ఆయన అడ్డుపడ్డది ఇవ్వడానికి కాదు, సిగ్గుపడేలా ఇవ్వడానికి.

కనుక మొదటి నియమం, పాత బట్టలు పోగుచేయం. డబ్బు పోగుచేస్తాం. ఎక్కడ ఏం కావాలో అక్కడ పనిచేసేవాళ్ళకు తెలుస్తుంది. దుప్పటి కావచ్చు, కిటికీకి కట్టే ప్లాస్టిక్ పట్టా కావచ్చు, పొయ్యి కావచ్చు, కట్టెలు కావచ్చు. దూరం నుంచి మనం ఊహించి పంపితే అది మళ్ళీ రోడ్డు పక్కన తడుస్తుంది.

రెండో నియమం, ముందుగా పంపాలి. చలికాలపు సాయం చలికాలంలో బయలుదేరితే ఎండాకాలంలో చేరుతుంది. అందుకే వసూలు వేసవిలోనే మొదలై దసరా నాటికి పూర్తి కావాలి. ఈ ఏడాది వసూలు చేసేది ఇప్పటికే ఆలస్యం, అయినా చేస్తాం. వచ్చే ఏడాది నుంచి ఈ గడువు తప్పకూడదు.

మూడో నియమం, లెక్క. మన సంఘానికి నేరుగా విదేశాలకు డబ్బు పంపే ఏర్పాటు లేదు. రెడ్‌క్రాస్ వంటి, రశీదు ఇచ్చి లెక్క చూపే సంస్థ ద్వారానే పంపుతాం. ప్రతి పైసా లెక్కను ఈ బులెటిన్‌లో అచ్చువేస్తాం. పంపినవాళ్ళు ఏ దేశంవాళ్ళు, అందుకున్నవాళ్ళు ఏ మతంవాళ్ళు అనే విచారణ మన నిధికి ఉండదు. ఏ పక్షం సైన్యానికీ ఇందులోంచి ఒక్క పైసా పోదు. తుపాకీ పట్టని మనిషికి మాత్రమే ఈ నిధి.

నాలుగో నియమం మన వృత్తికి సంబంధించినది. సహాయ సంస్థలు పంచే దుప్పటి నూట యాభై సెంటీమీటర్ల వెడల్పు, రెండు వందల సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. అలాంటి దుప్పట్లు చాలా కాలంగా మన పానిపట్ నుంచి ప్రపంచమంతా వెళ్ళాయి. విదేశాల పాత ఉన్ని బట్టలు అక్కడికి దిగుతాయి. వాటిని చింపి, పీచు చేసి, మళ్ళీ వడికి దుప్పటి నేస్తారు. ఆ చింపే చోట, పీచు లేచే చోట పనిచేసేవాళ్ళ ముక్కులో, గొంతులో, ఊపిరితిత్తుల్లో ఎంత దుమ్ము పోతుందో మనకు తెలియనిది కాదు. పత్తి దుమ్ముకు మన పెద్దలు ఎంతమంది దగ్గి దగ్గి పోయారు! యుద్ధంలో ఒక బిడ్డను కాపాడే దుప్పటి ఇంకొక బిడ్డ తండ్రి దగ్గు మీద తయారు కాకూడదు. దుప్పట్లు కొనే సంస్థలు ధర, కొలత, బరువు చూస్తున్నట్టే, నేసినవాళ్ళకు సరైన కూలి, దుమ్ము లేని షెడ్డు ఉన్నాయో లేదో కూడా చూడాలి. ఈ డిమాండును మనం, కార్మికులం, పెట్టకపోతే ఇంకెవరూ పెట్టరు. నిధి ఇస్తూనే ఈ మాట అడుగుదాం.

ఇక చందా సంగతి. నెలకు పది రూపాయలు. అది కూడా పని ఉన్న నెలల్లోనే. మగ్గాలు ఆగినవాళ్ళ దగ్గర, జబ్బుతో ఇంట్లో ఉన్నవాళ్ళ దగ్గర అడగం. బలవంతం లేదు, ఎవరు ఇవ్వలేదో పేరు చదవడం లేదు. బీడీ కార్మిక అక్కలు తమ సమావేశంలో విడిగా నిర్ణయించుకుంటామన్నారు, అలాగే కానివ్వండి. ఈ నిధి కోసం బోనస్ పోరాటంలో ఒక్క రోజు కూడా తగ్గేది లేదు. వచ్చే సోమవారం గేటు మీటింగు ఎప్పటిలాగే ఉంటుంది. రెండూ ఒకే సంఘం పనులు.

మన తాతలు కరువుకు తట్టుకోలేక తెలంగాణ పల్లెలు విడిచి, గొంగడి భుజాన వేసుకొని ఈ ఊరు వచ్చినప్పుడు ఇక్కడ వాళ్ళకు ఎవరూ చుట్టాలు లేరు. భాష కూడా రాదు. మిల్లు భోంగా మోగితే పోవడం, మళ్ళీ మోగితే రావడం, అంతే తెలుసు. ముందు వచ్చినవాడు వెనక వచ్చినవాడికి తన గదిలో ఒక మూల చోటిచ్చాడు. ఆ మూలలోనే మన పేటలు పెరిగాయి, మన సంఘం పుట్టింది. ఇల్లు విడిచి పరాయి ఊళ్ళో చలికి ముడుచుకొని పడుకోవడం అంటే ఏమిటో మన ఇళ్ళల్లో ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. వాళ్ళను తరిమింది కరువు. వీళ్ళను తరుముతున్నది యుద్ధం.

1938లో షోలాపూర్ ఒక డాక్టరును పంపింది. మనలో డాక్టర్లు లేరు. మనకు ఉన్నది నేసే చేతులు, నెలకు పది రూపాయలు, ఒక సంఘం. అవే పంపుదాం.

తీర్మానం చదివే ముందు ఒక్క మాట. ఈ నిధికి లెక్కలు చూసే ముగ్గురిలో ఒకరుగా ఉండమని మన పెద్దాయనను కార్యవర్గం కోరింది. "పంపేది కొత్తదే అయితే, లెక్క నా ముందల చెప్తమంటే ఉంట" అన్నారు. ఆ రెండు షరతులనూ తీర్మానంలో రాసుకున్నాం. ఇప్పుడు తీర్మానం చదువుతాం, విని, ఆలోచించి, సమ్మతమైతేనే చేతులెత్తండి.

డాక్టర్ కోట్నిస్ అమర్ రహే!
కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!